చప్పుడు లేని కారు

నూకరాజు చెవి మీద తిఫ్రాలో ఎవరికీ అనుమానం లేదు. ఉన్న అనుమానమంతా నూకరాజుకే.

కార్లో ఏ స్క్రూ జారిందో, ఏ రేకు వదులైందో కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తాడని అతనికి పేరు. బిలాస్‌పూర్ శివార్లలోని ఆ తిఫ్రాలో లారీ బాడీలు కట్టే షెడ్ల వరసలో ఆఖరిది అతనిది. ముందు సగంలో రాజేంద్ర రంగులు కొడతాడు, వెనక సగంలో నూకరాజు కార్ల లోపలి పని చూస్తాడు. సీట్లు, తలుపుల అట్టలు, పైకప్పు గుడ్డ, అన్నిటికంటే ముఖ్యంగా చప్పుళ్లు. ఇంజను బాగుచేసేవాళ్లు బిలాస్‌పూర్ నిండా ఉన్నారు. కారు కదిలితే లోపలెక్కడో కిచకిచమనే రొదని పట్టి తీసేవాణ్ని తనొక్కణ్నేనని నూకరాజు రొమ్ము విరుచుకు తిరిగేవాడు. తిరిగినన్నాళ్లు తిరిగాడు, ఇప్పుడా పేరు నిలబెట్టుకోవడం ఎలాగన్నదే బెంగ. ఇదే వరసలో లారీ రేకుల మీద సుత్తి కొట్టి కొట్టి, అతని చెవులు సన్నటి చప్పుళ్లని ఒక్కొక్కటే వదిలేశాయి. గిన్నె పడితే వినిపిస్తుంది, గాజులు కదిలితే వినిపించవు.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. కార్లో కూర్చుని కళ్లు మూసుకుంటాడు, అయిదు వేళ్లూ విప్పి డాష్‌బోర్డు మీద ఆనిస్తాడు. "బ్రేకేసినప్పుడొస్తందా బాబూ, గతుకులోనా?" అని ఓనరునే అడుగుతాడు. ఓనరు చెప్పినదాంట్లోంచి సగం, వేళ్లకి తగిలిన అదురులోంచి సగం ఏరుకుని, "అదిగో, ఇక్కడ" అంటాడు. పదింట్లో ఏడెనిమిది సరిపోయేవి.

జానకిరామ్ గారి కారు మాత్రం మొండికేసింది. ఆయన బొగ్గు ఆఫీసులో ఇంజనీరు, లింగియాడీహ్‌లో అద్దెకుంటాడు. కారు కొని ఏడాది కాలేదు, మెరూన్ రంగు నిగనిగలాడుతోంది, లోపల మాత్రం గలగల. "ముందు నుంచేనయ్యా, డాష్‌బోర్డులోంచే వస్తోంది," అని ఆయన అనడంతో నూకరాజు రెండు రోజులు కూర్చుని దాన్నంతా విప్పాడు. ప్రతి వైరుకీ కంబళి పీలిక చుట్టాడు. ప్రతి స్క్రూ కిందా సైకిలు ట్యూబు ముక్క కోసి పెట్టాడు. మళ్లీ బిగించి నడిపితే వేళ్లకి ఏ అదురూ తగల్లేదు. హమ్మయ్య, పోయిందనుకున్నాడు. జానకిరామ్ గారు తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, కారుని షెడ్డు గేటు దాకా నడిపి, "అలాగే ఉంది కదయ్యా!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కనకం కేరేజీ పట్టుకుని వచ్చింది.

మామూలుగా వెనక సీట్లో రాజేంద్ర కూర్చుంటాడు. అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక లారీ తలుపుకి రంగు కొడుతున్నాడు, మధ్యలో వదిలితే చారలు పడతాయి. నూకరాజు విసుగ్గా పెళ్లాం వైపు చూశాడు. "ఓలె కనకం, ఓపాలి ఎనక కూకో. సీటు కదలకుండా నొక్కి పట్టుకో, అంతే."

కనకం కేరేజీ బల్ల మీద పెట్టి, కొంగు దోపుకుని, పెద్దావిడ పక్కన సర్దుకుని కూర్చుంది. నూకరాజు నడిపాడు, జానకిరామ్ గారు ముందు సీట్లో. సిర్‌గిట్టీ వైపు రోడ్డు కంకర తేలి ఉంటుంది, చప్పుళ్లకి అదే పరీక్ష. కొంచెం దూరం పోయాక కనకం, "బావా, ముందు కాదు. ఈ తలుపులోనే," అంది.

"నువ్వూరుకో. సీటు పట్టుకో."

కనకం ఊరుకోలేదు. ఒంగి, చెవి ఎడం పక్క తలుపుకి ఆనించింది. "బ్రేకెయ్యి బావా. అదిగో, ముందుకి జారింది. ఇప్పుడు పోనీ. ఎనక్కొచ్చింది. ఒకటి కాదు, నాలుగైదున్నాయి. పల్చటి బిళ్లలు." అని తలెత్తి, పక్కనున్న పెద్దావిడని అడిగింది, "అమ్మా, అర్పా వంతెన మీద గంగమ్మకి పైసలేత్తారేటి మీరు?"

"వెయ్యకపోతే ఎలాగమ్మా? రైల్లో గోదావరి దాటినా వేస్తాను. నీళ్లు దాటుతూ వట్టి చేతుల్తో పోతామా?"

"అద్దం ఎంత దించుతారు?"

"నాకు గాలి పడదు. నాలుగు వేళ్లు పట్టేంత దించి విసురుతాను."

షెడ్డుకి తిరిగొచ్చి నూకరాజు తలుపు పిడి విప్పాడు, అద్దం తిప్పే హ్యాండిల్ విప్పాడు, స్క్రూడ్రైవర్ దూర్చి అట్ట ఊడదీశాడు. తలుపు అడుగున పైసలు పోగుపడి ఉన్నాయి. కారు కొన్నప్పట్నించీ అర్పా నదికి వేసిన మొక్కుబడంతా అద్దానికీ రేకుకీ మధ్య సందులోంచి జారి అక్కడే కొలువుంది. పెద్దావిడ చెంపలు వాయించుకుంది. జానకిరామ్ గారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. "అయితే గంగమ్మకి ఒక్క పైసా అందలేదన్నమాట! నూకరాజూ, రెండు రోజులు విప్పి పోశావు. మీ ఆవిడ ఒక్క మలుపులో పట్టేసింది. నీకంటే ఆవిడ చెవే గట్టిదయ్యా!"

రాజేంద్ర ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, "వాహ్ భాభీ! కమాల్ చేసేశావు!" అన్నాడు.

అందరికంటే గట్టిగా నవ్వింది నూకరాజే. నవ్వుతూనే ఉన్నాడు. పెద్దావిడ రుమాలులో పైసలు మూట కట్టి ఇస్తున్న కనకం మొహం ఎలా వెలిగిపోతోందో చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తను కొన్న ఏ చీరకీ ఆ మొహం అలా వెలగలేదనిపించింది.

*

లాల్‌ఖదాన్‌లో వాళ్ల ఇల్లు పట్టాలకి దగ్గర. గూడ్సు పోతుంటే గోడకి తగిలించిన జల్లెడ ఊగుతుంది. కనకం ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా కారు మాటే.

"తలుపుకి సెవి పెడితే ఎంత బాగా తెలుత్తాదో బావా! నీకెలగ ఇనబడలేదది?"

నూకరాజు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఇనబడింది. నీకు తెలుత్తాదో లేదో సూద్దామని ఆగినాను."

"అచ్ఛా! నాకు పని నేర్పుతన్నావేటి?" కనకం పొంగిపోయింది. పప్పు మరో గరిటె వేసింది. అబద్ధం ఆడినందుకు పప్పు దక్కింది. నేర్పుతున్నానని ఒప్పుకున్నాక, రావద్దని చెప్పే దారి కూడా తనే మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కేరేజీ వేళ కాకుండానే వచ్చేసింది. ఆ మర్నాడూ వచ్చింది. వంట తెల్లారకముందే ముగించుకుని, ఇంటికి తాళం వేసి, తిఫ్రా దాకా టెంపో ఎక్కి వచ్చేది. నూకరాజు పాత కంబళి తీసి పీలికలుగా కత్తిరించింది. స్క్రూలు సైజుల వారీగా డబ్బాల్లో వేసింది. అతను ఏడేళ్లుగా గుడ్డిగా చెయ్యి పెట్టి వెతుక్కునే డబ్బాలవి, ఇప్పుడు ఏది ఎక్కడుందో ఆమెని అడగాల్సి వస్తోంది. ఏకు మేకవడమంటే ఇదేనని లోపల నూరుకున్నాడు.

బుధవారం ఒక అంబాసిడర్ వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, నూకరాజు ఎదురుగా నిలబడి, "కనకమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు.

"నాతో సెప్పు."

"కాదన్నా, జానకిరామ్ సార్ చెప్పారు. ఆవిడకే చూపించమన్నారు."

ఆవిడకే చూపించారు. వెనక అద్దం కింది పలకలో ఎవరో పిల్లలు పడేసిన పెన్సిలు ముక్క దొరికింది. డ్రైవరు దండం పెట్టి మరీ వెళ్లాడు. నూకరాజు కారు నడిపినంతసేపూ అద్దంలోంచి ఆమెనే గమనించాడు. కళ్లు మూసుకోదు. వేళ్లు విప్పి నటించదు. తల కొంచెం పక్కకి వాల్చి, పక్కింటివాళ్ల కబురు వింటున్నట్టు తీరిగ్గా వింటుంది. ఆ తీరిక చూస్తే అతనికి ఒళ్లు మండింది. తను ఎంత పాటుపడినా దొరకనిది ఆమెకి పని కట్టుకోకుండానే వస్తోంది. ఇదెక్కడి న్యాయం? సుత్తి పట్టింది తను, చెవులు పోగొట్టుకున్నది తను, పేరు ఆమెకా?

సాయంత్రం రాజేంద్ర బ్రష్షు కడుక్కుంటూ, "భయ్యా, లాల్ పెయింట్ మిగిలింది. బోర్డు మీద భాభీ పేరు కూడా రాసేదా? తెలుగు నాకు రాదు, హిందీలో రాసేస్తా," అన్నాడు.

"రాయి. నా పేరు సెరిపేసి రాయి," అన్నాడు నూకరాజు.

రాజేంద్ర నవ్వబోయి, అతని మొహం చూసి మానుకున్నాడు.

ఆ సాయంత్రం టెంపో దిగి నడుస్తుండగా నూకరాజు మొదలుపెట్టాడు. "లాల్‌ఖదాన్‌లో జనం ఏటనుకుంతారో తెలుసా? పరాయి మగాళ్ల కార్లలో తిరుగుతంది అనరా?"

"ఎవుల్తో తిరిగినాను? తోలింది నువ్వు కాదేటి?"

"ఇంట్లో పని..."

"ఇంట్లో ఏ పని ఆగింది? సెప్పు." కనకం ఆగి అతని వైపు తిరిగింది. "బావా, నాను రావడం నీకిట్టం లేదా? ఓ మాట సెప్పు, మానేత్తాను. ఇంట్లో కూకుని గూడ్సు బళ్లు లెక్కెట్టుకుంతాను."

మానెయ్యి అనాలి. నాలిక చివర దాకా వచ్చింది. కానీ ఆమె మానేసిన మర్నాడు కారొస్తే చప్పుడు పట్టేదెవరు? మింగలేక కక్కలేక, "నానలగన్నానా?" అని ముందుకు నడిచాడు. వెనక ఆమె ఇంకేదో అంది. వినిపించకపోయినా "ఊ" అన్నాడు.

*

శుక్రవారం జానకిరామ్ గారు మళ్లీ వచ్చాడు. ఈసారి పెద్ద పనేమీ కాదు, ముందున్న సొరుగు మూత టకటకలాడుతోంది. కనకం మూత అంచుకి కంబళి పీలిక అంటించింది, రెండుసార్లు తెరిచి మూసి చూసింది. నూకరాజు స్క్రూ బిగించాడు. అలా ఆమె చెప్పడం, తను బిగించడం అలవాటైపోయింది. స్క్రూడ్రైవర్ ఉన్నవాడు కూలీ, చెవి ఉన్నవాడు మేస్త్రీ.

"కారు ఇవాళ ఇక్కడే ఉంచుతాను, అంటించింది ఆరాలిగా," అన్నాడు జానకిరామ్ గారు. "రేపు పొద్దున తీసుకెళ్తాను. ఇంకో మాట నూకరాజూ. మా ఆఫీసు కార్లు చాలా ఉన్నాయి, అన్నీ డబ్బా మోతే. వాటి పనంతా మీకే ఇప్పించమని ట్రాన్స్‌పోర్టు ఆయనతో మాట్లాడాను. సోమవారం ఈ కార్లోనే ఆయన్ని ఎక్కించుకుని వస్తాను, ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆయనే చూస్తాడు. కనకమ్మగారు చూస్తారంటేనే సరేనన్నాడు సుమా!"

"అంతా మీ దయ బాబూ," అన్నాడు నూకరాజు. ఆ మాట పెదవుల మీదే ఉంది, లోపల ఒకటే మాట తిరుగుతోంది. కనకమ్మగారు చూస్తారంటేనే.

చాన్నాళ్లుగా ఇలాంటి పని కోసమే ఎదురుచూశాడు. అదొచ్చింది. తన గుమ్మంలోకే వచ్చింది, తన పెళ్లాం పేరు అడుగుతూ వచ్చింది. ఆడదానికి పేరొస్తే మగాడికి లోటా అని ఎవరైనా అంటే అతను అవుననే అనేవాడు. లోటు కాకపోతే గుండెల్లో ఈ కలుక్కుమనడం ఏమిటి?

కనకం కూరలు కొనాలని ముందు వెళ్లిపోయింది. రాజేంద్ర సైకిలెక్కాడు. షెడ్డులో నూకరాజూ, మెరూన్ కారూ మిగిలారు. ఇంకా వెలుతురుంది, రేకుల సందుల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డబ్బాలోంచి ఒక చిన్న నట్టు తీశాడు. ఎడం పక్క, వెనక దీపం దగ్గర అట్ట రెండు క్లిప్పులు వదులు చేసి, నట్టుని లోపలికి వదిలాడు. అది రేకుల మధ్య ఒక గుంటలో పడింది. క్లిప్పులు నొక్కేశాడు.

పడ్డప్పుడు చప్పుడు వినిపించలేదు. అందుకని కారు వెనక భాగం రెండు చేతులతో ఊపి, వేళ్లు ఆనించి చూశాడు. టిక్కు టిక్కుమని వేళ్లకి తగిలింది. చాలు.

లెక్క తేలికే. రేపు కారు వెళ్తుంది, చప్పుడు చేస్తూ తిరిగొస్తుంది. కనకం వెతుకుతుంది. వెనక దీపం దగ్గర ఎవరు చూస్తారు? చేతులెత్తేస్తుంది. అప్పుడు తను కళ్లు మూసుకుని, అందరూ చూస్తుండగా చెయ్యి పెట్టి తీస్తాడు. సోమవారం కార్లు వచ్చేసరికి చెవి ఎవరిదో తేలిపోతుంది. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, ఆ ధైర్యంతో షట్టరు దించాడు.

దారిలో ఒకచోట ఆగాడు. వెనక్కి వెళ్లి తీసేద్దామా అనుకున్నాడు. ఎటూ తేల్చుకోకుండానే ఇల్లు చేరాడు. కనకం వంకాయలు తరుగుతూ, పక్కింటావిడతో "ఆపీసు కార్లన్నీ మనకేనంట!" అంటోంది. మనకేనంట అన్న మాట గుమ్మంలో నిలబడ్డ అతనికి బాగానే వినిపించింది, గట్టిగా అంది గనక. ఆ సంబరం చూశాక తీసేద్దామన్న ఆలోచన ఎటో పోయింది.

*

శనివారం పొద్దున్నే కారు వెళ్లింది, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. జానకిరామ్ గారు తలుపు గట్టిగా వేసి దిగాడు.

"ఇదేంటండీ! నిన్నటి దాకా లేని చప్పుడు. వెనక ఎక్కడో టిక్కు టిక్కు. సోమవారం ఆయన్ని ఏ మొహంతో ఎక్కించుకోను?"

కనకం మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూడాలనే నూకరాజు పొద్దుట్నించి కాసుక్కూర్చున్నాడు. తీరా చూశాక అనుకున్నంత తీపిగా ఏమీ లేదు. అయినా వదల్లేదు. "ఆడోళ్ల పని బాబూ. అంటించడమైతే అంటించింది. మిగతాదంతా సూసుకోవద్దా?" అన్నాడు.

కనకం అతని వైపు చూసింది. కారెక్కి వెనక సీటు ఎత్తడం మొదలుపెట్టింది.

"ట్యూబు ముక్కలైపోనాయి. బజారుకెల్లొస్తాను," అన్నాడు నూకరాజు. అయిపోలేదు. ఆమె వెతికి వెతికి అలిసిపోయే దాకా దూరంగా ఉండాలని. జానకిరామ్ గారు అప్పటికే పేపరు పట్టుకుని బయట చెట్టు నీడకి వెళ్లాడు.

బజార్లో టీ తాగాడు. తెలిసినవాడు కనిపిస్తే రైల్వే క్రికెట్టు గురించి మాట్లాడాడు. ఇంకో టీ తాగాడు. తిరిగొచ్చేసరికి కారు షెడ్డు బయట రోడ్డు మీదికి తిప్పి ఉంది, జానకిరామ్ గారు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, కనకం వెనక సీట్లో. సీటు ఎప్పటిలా బిగించేసి ఉంది. ఓడిపోయి అన్నీ మూసేసింది కాబోలని నూకరాజు గుండె తేలికపడింది.

"రా నూకరాజూ, ఎక్కు. ఒక్కసారి తిరిగొద్దాం. నువ్వు కూడా వెనకే కూర్చో, ఇద్దరూ చెప్పండి," అన్నాడు జానకిరామ్ గారు.

కారు కంకర రోడ్డెక్కింది. నూకరాజు కళ్లు మూసుకున్నాడు. అయిదు వేళ్లూ విప్పి పక్కనున్న అట్ట మీద పరిచాడు. గతుకులకి కారంతా అదురుతోంది, ఆ అదురులో నట్టు ఏదో రోడ్డు ఏదో వేళ్లు చెప్పలేవు. చెప్పాల్సిన అవసరమేముంది? ఎక్కడుందో తనకి తెలుసు.

"ఏమైనా వినిపిస్తోందా?" అని గట్టిగా అడిగాడు జానకిరామ్ గారు.

"ఎందుకినబడదు బాబూ!" నూకరాజు గొంతు ఠీవిగా లేచింది. చాలా రోజుల తర్వాత తన షెడ్డు మేస్త్రీ తనే అయ్యాడు. "ఎడం పక్క. ఎనక దీపం కాడ, అట్ట లోపల. టిక్కు టిక్కుమంతంది. సిన్న నట్టు. దీనికింత సేపేటి? సెయ్యెట్టి తీసేత్తాను."

కారు మెల్లగా పక్కకి ఆగింది. జానకిరామ్ గారు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏ చప్పుడయ్యా? అసలు చప్పుడే లేదు కదా ఇప్పుడు. ఆ నట్టు నువ్వే తీసేసి బజారుకి వెళ్లావని కనకమ్మగారు చెప్పారే! ఎడం పక్క దీపం దగ్గరిదే కదా?"

నూకరాజు కళ్లు తెరిచాడు.

కనకం అతని వైపు చూడటం లేదు. ఒళ్లో ఉన్న చేతుల వైపు చూసుకుంటోంది. కొంగు చివర చిన్న ముడి ఉంది, అందులో ఏముందో విప్పి చూపించనక్కర్లేదు. అతను బజారుకెళ్లగానే పట్టేసి ఉంటుంది. రాజేంద్ర పడేశాడనో, ఎలాగో పడిందనో అనుకుని ఉంటుంది. పట్టి, పేరు మాత్రం మొగుడికిచ్చింది. నాలుగు రోజులుగా అతని మొహం చూస్తోంది కదా, అందుకిచ్చి ఉంటుంది. ఇప్పుడు ఆమెకి రెండూ తెలిశాయి. నట్టు అక్కడికెలా వచ్చిందో తెలిసింది. లేని చప్పుడు విన్నవాడికి ఉన్న చప్పుడు వినిపించదనీ తెలిసింది.

జానకిరామ్ గారు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

కనకం తలెత్తింది. "బాబూ, ఆయన సెవికి మనకి ఇనబడనివి ఇనబడతాయి. ఇంకోటేదో ఉండే ఉంటాది. మిమ్మల్ని ఇంటికాడ దించేసి, ఓపాలి షెడ్డులో సూసి సందేళకి తెచ్చిచ్చేత్తాం," అంది. గొంతు కొంచెం కూడా వణకలేదు.

"అంతే కదా, మంచిదే. సోమవారానికి ఏ లోటూ ఉండకూడదు," అన్నాడు జానకిరామ్ గారు తృప్తిగా.

అబద్ధమాడటంలో కూడా కనకం తనకంటే నేర్పరే. ఆ క్షణంలో కూడా నూకరాజుకి వచ్చిన మొదటి ఆలోచన అదీ. సిగ్గు దాని తర్వాత వచ్చింది.

*

లింగియాడీహ్‌లో ఆయన్ని దించాక నూకరాజు స్టీరింగు పట్టుకున్నాడు. కనకం వెనక సీట్లోనే ఉండిపోయింది. ఏ రోగమూ లేని కారుని మొగుడూ పెళ్లాం వైద్యానికి తీసుకుపోతున్నారు.

తిట్టు అనుకున్నాడు. తిడితే బాగుండును. నట్టు మొహాన కొడితే ఇంకా బాగుండును. ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాడు. పొరపాటున పడిందని, పరీక్ష పెట్టానని. ఏదీ తన చెవికే నిలబడేలా లేదు. వంతెన దాటారు. అద్దంలోకి చూశాడు.

కనకం పెదవులు కదులుతున్నాయి.

ఎంతసేపట్నించి కదులుతున్నాయో తెలియదు. అతని వైపే చూస్తూ ఏదో అంటోంది, గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడుకునే గొంతుతోనే కాబోలు. ఇంజను మోత తప్ప అతనికేమీ అందలేదు. కోపంగా ఉందా? ఏడుస్తోందా? మొహంలో రెండూ లేవు. ఏదో అడిగి, జవాబు కోసం ఆగింది. ఇలాంటప్పుడు "ఊ" అంటే సరిపోతుంది. ఎన్నో సార్లు సరిపోయింది. కూరలోకి, చుట్టాల కబుర్లలోకి, పండగ చీరలోకి అన్నిట్లోకీ ఆ ఊ సరిపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది కూడా.

కారు రోడ్డు పక్కకి దించాడు. వెనక్కి తిరిగాడు.

"కనకం, నాకినబడలేదు," అన్నాడు. "సన్నటి మాట నాకినబడదే. గట్టిగా సెప్పు."

ఆమె కొంగు చివరి ముడి బిగించుకుంది. తర్వాత తలుపు తీసుకుని దిగింది. నడిచి వెళ్లిపోతుందేమో అనుకున్నాడు. కారు చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తీసి, అతని పక్క సీట్లో కూర్చుంది. తలుపేసి, గొంతు పెంచింది.

"ఎన్నాళ్ల నుంచి?"

నట్టు గురించి అడుగుతుందని కూర్చుకున్న మాటలన్నీ ఎందుకూ పనికిరాలేదు. "రెండేళ్లు దాటింది," అన్నాడు.

"మరి ఈ రెండేళ్లూ నాను సెప్పినవి?"

"మొకం సూసి ఊ అనీవోణ్ని. సగం తెలిసీది, సగం తెలీదు."

కనకం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాని చివర ముడి ఆమె గడ్డం కింద వేలాడింది. "మాయమ్మ పోయినప్పుడు," అని ఆగి, మళ్లీ గట్టిగా అంది, "మాయమ్మ పోయి వచ్చినాక, పెరట్లో కూకుని రాతిరంతా నీకు సెప్పినాను. నువ్వు పక్కనే కూకుని ఊ అన్నావు. అదైనా ఇన్నావా?"

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రి అతనికి బాగా గుర్తుంది. పెరడు గుర్తుంది, ఆమె ముఖం గుర్తుంది, మాట ఒక్కటీ లేదు.

"నట్టు సంగతి ఇంటికెల్లినాక తేల్సుతాను. అది వదల్ను," అంది కనకం. కళ్లు తుడుచుకుంది. పక్క నుంచి ఒక లారీ మోగుతూ పోయింది, అది పోయే దాకా ఆగింది. సైకిలు మీద పోతున్న ఒకతను, కార్లో కూర్చుని అరుచుకుంటున్న మొగుడూ పెళ్లాల్ని వింతగా చూసుకుంటూ పోయాడు. కనకం అతన్ని లెక్కచెయ్యలేదు. "మాయమ్మకి ఆ రోజు పొద్దుట్నించీ ఒకటే దాహం," అని ఊరంతా వినేటంత గట్టిగా మొదలుపెట్టింది.

నూకరాజు ఇంజను ఆపేసి, ఆమె వైపు ఒంగాడు.